పగలు పితికపప్పు, రాత్రి గోబీ రైస్

జనవరి ఉదయం వేలూరు నేతాజీ మార్కెట్లో అడుగుపెడితే ముక్కుకు ముందు తగిలేది అనపకాయల వాసన. గోనెసంచుల మీద రాశులు పోసి, మంచుకు తడిసిన కాయల్ని గుప్పిళ్లతో ఎత్తి చూపిస్తూ అమ్ముతుంటారు. పొద్దుగూకాక అదే ఊళ్లో, క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆస్పత్రి ముందు వీధుల్లోనూ కాట్పాడి దారిలోనూ గ్యాస్ పొయ్యిలు భగ్గుమంటాయి, ఇనుప కడాయిల మీద గరిటెల మోత మొదలవుతుంది. ఎగ్ రైస్, చికెన్ నూడుల్స్, గోబీ మంచూరియా. ఉదయం చూసిన సరుకు రెండు మూడు నెలలు దాటితే కనపడదు. రాత్రి తిండికి మాత్రం కార్తీకమైనా, వైశాఖమైనా ఒకటే.

వేలూరు నుంచి గుడియాత్తం దాకా 30 కిలోమీటర్లకు కాస్త పైచిలుకు దారి. తిండి కోసం ఊళ్లు తిరిగేవాళ్లకు ఈ రెండు రకాల రుచులూ ఇక్కడ పక్కపక్కనే దొరుకుతాయి. తెలుగువాళ్లకైతే ఇది పరాయి చోటూ కాదు. మన పెద్దలు రాయవేలూరు అని పిలిచింది వేలూరునే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు, వేలూరు, గుడియాత్తం అన్నీ ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివే. గుడియాత్తం మీదుగా పారే కౌండిన్య నది పుట్టింది చిత్తూరు కొండల్లో. ఆ ఊళ్లో ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర బోర్డుల మీద లిపి మారుతుందేగానీ వంటింటి పొయ్యి మీద కూర మారదు.

ఆ కూరల్లో మొదట చెప్పుకోవలసింది పితికపప్పు. నాటు అనప రకాలు పగటిపొద్దు తగ్గితేగాని పూతకు రావు. అందుకే ఎప్పుడు విత్తినా కాపు చలికాలానికే అందుతుంది. మార్గశిరంలో మొదలై, సంక్రాంతికి ముమ్మరమై, మాఘం గడిచేసరికి ముగిసిపోతుంది. కాయలు ఒలిచి, గింజల్ని కొన్ని గంటలు నీళ్లలో నానబెట్టి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కొక్కటే నొక్కితే తొక్క చేతిలో ఉండిపోయి పప్పు గిన్నెలోకి దూకుతుంది. కిలో గింజలు పితకడమంటే ఇంట్లో నలుగురూ కూర్చోవలసిన పని. ఆ పప్పుకు ఉల్లి, టమాటా, కొబ్బరి, ధనియాలు, వెల్లుల్లి, చెక్కాలవంగాల మసాలా పట్టించి పులుసు కాస్తారు. రాగిసంగటిలోకైనా, దోసెలోకైనా, పూరీలోకైనా సరిపోతుంది. చిత్తూరు, పలమనేరు, కుప్పం ఇళ్లలో ఎంత ఇష్టంగా తింటారో గుడియాత్తంలోనూ అంతే. కనుమ ఎక్కి ఇంకా పైకి వెళితే బెంగళూరులో ఏటా చలికాలంలో దీనికోసమే అవరెబేళె మేళా జరుగుతుంది.

హోటళ్లలో పితికపప్పు అరుదు. పితికే ఓపిక వ్యాపారానికి కుదరదు. ఎవరింట్లోనైనా భోజనానికి పిలుపు వస్తే వదులుకోకూడదు. లేకపోతే మార్కెట్లో కొందరు ఆడవాళ్లు ముందే పితికి అమ్మే పప్పు కొని తెచ్చుకోవాలి.

రెండో సరుకు వంకాయ. వేలూరు జిల్లా అణైకట్టు తాలూకాలో ఇలవంబాడి అనే ఊరుంది. అక్కడి ముళ్ల వంకాయకు 2023 ఫిబ్రవరిలో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తొడిమ నిండా ముళ్లు, ఊదారంగు ఒళ్లు, మెత్తటి కండ. కోసేవాళ్ల వేళ్లకు గుచ్చుకుంటుంది, అలవాటు లేనివాళ్లు కొనేటప్పుడు కూడా జాగ్రత్తగా పట్టుకోవాలి. నూనెలో మగ్గి, చింతపండు పులుసు పీల్చుకుని, ముక్క చెదరకుండా నిలబడే కూర కావాలంటే ఇలాంటి వంకాయే కావాలంటారు ఇక్కడి వంటవాళ్లు.

ఈ వంకాయకూ బిరియానీకీ పాత చుట్టరికం ఉంది. గుడియాత్తానికి దగ్గర్లోనే, చెన్నై-బెంగళూరు రహదారి మీద ఉన్న ఆంబూరు బిరియానీకి పేరుమోసిన ఊరు. బాస్మతి కాకుండా సన్నగా, పొట్టిగా ఉండే జీరక సాంబ బియ్యం వాడతారు. ఎండుమిరపకాయలు నానబెట్టి నూరిన ముద్ద, పెరుగు, మాంసం కలిపి వండి, దమ్ము పెడతారు. మసాలా మోతాదు తక్కువ, కారం మాత్రం తెలుస్తుంది. విస్తరిలో దాని పక్కన ఉల్లిపాయ పెరుగు పచ్చడితోపాటు పుల్లటి వంకాయ కూర తప్పనిసరి. హైదరాబాద్‌లో మిర్చీ కా సాలన్ చేసే పని ఇక్కడ వంకాయ చేస్తుంది: కొవ్వు బరువును పులుపుతో కోస్తుంది.

ఎండాకాలం వస్తే పట్టిక మారిపోతుంది. వేలూరు ఎండ సంగతి ఆస్పత్రికి వెళ్లొచ్చిన తెలుగువాళ్లందరికీ తెలుసు. మాఘఫాల్గుణాల్లో కొత్త చింతపండు కొట్టి గింజ తీస్తారు. చైత్రం నుంచి రోడ్ల పక్కన తాటిముంజలు మొదలవుతాయి. గుడియాత్తం, పేర్ణంబట్టు చుట్టుపక్కల కొబ్బరితోటలు, మామిడితోటలు. బంగినపల్లి ముందు, బెంగళూరా కాయ జూన్, జూలైలకు.

గుడియాత్తం గంగమ్మ జాతర సరిగ్గా ఈ ఎండలోనే వస్తుంది. తమిళ వైగాసి నెల మొదటిరోజున, అంటే మే నెల మధ్యలో, అమ్మవారి శిరస్సును ఊరేగించి మొండేనికి అమర్చే ‘శిరసు’ ఉత్సవానికి లక్షలమంది వస్తారు. రేణుకాదేవి కథ దానికి మూలం. తిరుపతిలో గంగమ్మ జాతర కూడా మే నెలలోనే, అక్కడా ఇక్కడా అమ్మకు ఇష్టమైన నైవేద్యం అంబలే. రాగిపిండిని ముందురోజే పులియబెట్టి, నూకతో కలిపి కాచి, చల్లారాక మజ్జిగ, చిన్నుల్లిపాయలు వేసి కుండల్లోంచి ముంచి పోస్తారు. మళ్లీ తమిళ ఆడి నెలలో, జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య వరకు, మారియమ్మ గుళ్ల ముందు ఇదే అంబలి. ఎండకూ, కొత్త వానకూ కడుపు తట్టుకునేలా పెద్దలు పెట్టిన వరస ఇది.

ఇక సాయంత్రం తిండి. మనదేశంలో చైనీస్ వంట పుట్టిల్లు కలకత్తా. 18వ శతాబ్దం చివర్లో ఒక చైనా వ్యాపారి ఆ ఊరికి దగ్గర్లో చక్కెర మిల్లు పెట్టాడు. ఆయన వెంట వచ్చినవాళ్లు, తర్వాత వచ్చిన హక్కా కుటుంబాలు తోళ్ల పనితోపాటు వంటనూ తెచ్చాయి. కలకత్తాలో పుట్టిన నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్ వంటింట్లో అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేయించి, గరంమసాలా బదులు సోయాసాస్ పోసి చికెన్ మంచూరియన్ చేశాడు. చైనాలో ఆ పేరుతో అలాంటి వంటకం లేదు. అందులో కోడిని తీసేసి కాలీఫ్లవర్ పెడితే గోబీ మంచూరియా. దక్షిణాదిలో దానికి ఇంకో తోడు దొరికింది: మద్రాసు బుహారీ హోటల్ పేరుమీద చెప్పుకునే చికెన్ 65. ఇప్పుడు బండి మీద రెండూ ఒకే మూకుడులో వేగుతుంటాయి, కరివేపాకు రెండింటిమీదా పడుతుంది.

వేలూరుకు ఈ వంట గట్టిగా అంటుకోవడానికి రెండు సంస్థలు కారణమయ్యాయి. ఒకటి 1900లో ఐడా స్కడ్డర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల, నేటి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ. బెంగాల్, అస్సాం, ఈశాన్య రాష్ట్రాలు, బంగ్లాదేశ్ నుంచి రోగులూ వాళ్ల బంధువులూ వచ్చి వారాలకొద్దీ ఉంటారు. హౌరా నుంచి వేలూరు పక్కనున్న కాట్పాడికి నేరుగా రైళ్లున్నాయి. ఆస్పత్రి ఎదుటి సందుల్లో బెంగాలీ అక్షరాల బోర్డులు, ఆవనూనె చేపల పులుసు, పక్కనే కలకత్తా తరహా నూడుల్స్. రెండోది 1984లో ఇంజినీరింగ్ కాలేజీగా మొదలైన వీఐటీ. దేశం నలుమూలల పిల్లలు, వాళ్లలో తెలుగువాళ్లు బోలెడుమంది, అర్ధరాత్రి ఆకలికి వెతుక్కునేది ఈ బండ్లనే.

బండి దగ్గర పనితనం చూడాల్సిందే. అన్నం ముందే పలుకుగా వండి, ఆరబెట్టి ఉంచుతారు. వేడి అన్నమైతే ముద్దవుతుంది. కడాయి పొగలు కక్కేదాకా కాల్చి, నూనె, గుడ్డు, సన్నగా తరిగిన క్యాబేజీ, క్యారెట్, బీన్స్ వేసి, అన్నం పోసి, ఉప్పు, మిరియాలపొడి, సోయా, చిల్లీసాస్, చిటికెడు టేస్టింగ్ సాల్ట్ వేసి ఎగరేస్తారు. అంతా రెండు మూడు నిమిషాలే. ఆ టేస్టింగ్ సాల్ట్ కూడా చైనాది కాదు. జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా 1908లో సముద్రపు నాచు పులుసులోంచి దాని రుచిని గుర్తించాడు, మరుసటేడే అజినొమొటో పేరుతో అమ్మకానికి వచ్చింది. ఆ రుచికి మూలమైన గ్లూటమేట్ మన టమాటాల్లోనూ సహజంగా ఉంటుంది.

ఆ ఉప్పును చూసి జంకక్కర్లేదు, భయపడాల్సినవి వేరే ఉన్నాయి. ఒకటి రంగు. గోబీ మంచూరియాలో రోడమైన్-బి లాంటి కృత్రిమ రంగులు కలపడాన్ని కర్ణాటక 2024 మార్చిలో నిషేధించింది. అంతకు నెల ముందే తమిళనాడు అదే రంగు కలిపిన పీచుమిఠాయిని నిషేధించింది. చేతికి అంటి కడిగినా పోని ఎరుపు కనిపిస్తే ఆ ప్లేటు పక్కన పెట్టడం మేలు. రెండోది అన్నం. వండిన అన్నం ఎండపూట గంటల తరబడి బయట ఉంటే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి పెరిగి విషం విడుస్తుంది, మళ్లీ ఎంత వేయించినా ఆ విషం చావదు. పొద్దుటి అన్నం వాడే బండికన్నా సాయంత్రం వండుకునే బండి నయం.

ఒక విచిత్రం చెప్పుకోవాలి. అసలైన చైనా వంట రుతువును పట్టుకుని నడుస్తుంది. వసంతంలో లేత వెదురు మొలకలు, శరత్తులో ఎండ్రకాయలు, ఉత్తరాన చలికాలమంతా నిల్వచేసిన క్యాబేజీ. అనపకాయలు కూడా వాళ్లు తింటారు. మనం వాళ్ల సాసులు తెచ్చుకున్నాం, కడాయి తెచ్చుకున్నాం, ఈ అలవాటొక్కటే తెచ్చుకోలేదు. హోసూరు, కోలారు, పలమనేరు లాంటి చల్లటి మెట్టల్లో ఏడాది పొడుగునా పండే క్యాబేజీ, కాలీఫ్లవర్ బండివాడి పని తేలిక చేశాయి. మార్కెట్లో అనపగింజలు రాశిపడి ఉన్న రోజున కూడా ఫ్రైడ్ రైస్‌లో పడేది ఫ్రిజ్ బఠాణీయే. పితికపప్పు గట్టిపప్పు, నూనెలో వేగితే కమ్మగా ఉంటుంది, పెద్దమంటకు చెదిరిపోదు. ఇలవంబాడి వంకాయకు సోయా, వెల్లుల్లి, ఎండుమిర్చి పట్టిస్తే సిచువాన్ వంకాయ వేపుడుకు ఏమాత్రం తీసిపోదు. ఈ ప్రయోగం చేయగల నేర్పు ఆ బండ్ల దగ్గర ఇప్పటికే ఉంది. అడిగే గిరాకీ రావాలి.

వెళ్లదలచినవాళ్లకు సంక్రాంతి ముందూ వెనకా రెండు వారాలు మంచి సమయం. చిత్తూరు నుంచి బస్సెక్కినా, పాకాల మీదుగా రైల్లో వచ్చినా కాట్పాడి దగ్గరే. ఉదయం నేతాజీ మార్కెట్, మధ్యాహ్నం వంకాయ కూరతో బిరియానీ, తర్వాత కాట్పాడి నుంచి బెంగళూరు లైను రైల్లో అరగంటలో గుడియాత్తం. స్టేషన్ నుంచి ఊళ్లోకి ఆటో కావాలి. సాయంత్రం బండి దగ్గర నిలబడినప్పుడు మార్కెట్లో కొన్న పితికపప్పు గుప్పెడు ఇచ్చి, ‘అన్నా, ఇది కూడా వేసి కలపండి’ అని అడిగి చూడండి. అక్కడ తెలుగులో అడిగినా అర్థం చేసుకునేవాళ్లకు కొదవలేదు.