మెదడు కుదుపు అనంతర లక్షణాలు

తలకు బలమైన దెబ్బ తగిలి మెదడు పనితీరు తాత్కాలికంగా మారడాన్ని మెదడు కుదుపు లేదా కంకషన్ అంటారు. నంద్యాల జిల్లాలో శిల్పకళకు పేరొందిన ఆళ్లగడ్డ, నాపరాళ్ల గనులున్న బేతంచెర్ల ప్రాంతాల శ్రామికులకు ఇటువంటి దెబ్బలు తగిలే అవకాశముంది.

పెద్దలలో అధికులు కొన్ని వారాలలో కోలుకుంటారు. కొందరిలో తలనొప్పి, కళ్లు తిరగడం, మతిమరపు, వెలుతురును శబ్దాన్ని భరించలేకపోవడం మూడు నెలలు దాటినా ఉంటాయి. సీటీ స్కాన్ రక్తస్రావాన్ని, ఎముక విరగడాన్ని చూపుతుంది గాని ఈ మార్పులను సాధారణంగా చూపదు. అందువలన స్కాన్ బాగుందని బాధితుని పనిదొంగగా జమకట్టడం అన్యాయం.

మొదటి ఒకటి రెండు రోజుల విశ్రాంతి తరువాత మెల్లగా నడక మొదలుపెట్టాలి. వారాల తరబడి మంచాన ఉండడం మేలు చేయదు. శిల్పి అయితే రాతికోత యంత్రానికి దూరంగా, రాతిపై గీతలు గీయడం వంటి పనిని పూటకు కొంతసేపే చేయవచ్చు. కళ్లు తిరుగుతున్నంత కాలం నిచ్చెన ఎక్కరాదు. దెబ్బ తగిలిన తరువాత పదేపదే వాంతులు, మగత, మూర్ఛ కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.