బండి వచ్చు - మరి లైసెన్సు ఉందా?

మన ఊళ్లలో ఇప్పుడు చాలామంది ఆడవాళ్లు బండి నడుపుతున్నారు. పొద్దున్నే పాలకేంద్రానికి పాలు తీసుకెళతారు. కూరగాయలు సంతకు తీసుకెళతారు. సంఘం డబ్బు కట్టడానికి బ్యాంకుకు వెళతారు. ఎక్సెల్ బండి మీద గడ్డిమోపు కట్టుకుని పొలం నుంచి వస్తారు.

ఒకప్పుడు ఆడమనిషి సైకిలు ఎక్కితేనే నవ్వేవారు. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం జరిగింది. అక్కడ ఆడవాళ్లకు అక్షరాలతోపాటు సైకిలు కూడా నేర్పారు. వేలమంది నేర్చుకున్నారు. ఈనాడు మనం మోటారు బండి దాకా వచ్చాం. సంతోషమే.

కానీ ఒక ప్రశ్న. మీకు లైసెన్సు ఉందా?

"నాకు ఐదేళ్లుగా బండి వచ్చు. ఇంకా లైసెన్సు ఎందుకు?" అంటారు కొందరు. "ఎల్.ఎల్.ఆర్. ఉందిగా, చాలదా?" అంటారు మరికొందరు. చాలదు. ఎందుకో చూద్దాం.

ఎల్.ఎల్.ఆర్. అంటే ఏమిటి?

ఎల్.ఎల్.ఆర్. అంటే బండి నేర్చుకోవడానికి ఇచ్చే అనుమతి కాగితం. అది 6 నెలలే చెల్లుతుంది. గడువు తీరిందా, అది ఉన్నా లేనట్టే.

ఎల్.ఎల్.ఆర్. మీద బండి నడిపేటప్పుడు బండికి ముందూ వెనకా తెల్ల పలక మీద ఎర్రగా 'ఎల్' అనే ఇంగ్లీషు అక్షరం ఉండాలి. వెనక ఎవరినీ ఎక్కించుకోకూడదు. లైసెన్సు ఉండి, మీకు నేర్పే మనిషి మాత్రమే కూర్చోవచ్చు. అంటే పిల్లల్ని బడికి దింపకూడదు. అత్తగారిని ఆసుపత్రికి తీసుకెళ్లకూడదు. మన రోజువారీ పనులన్నీ అవే కదా! అందుకే పక్కా లైసెన్సు కావాలి.

లైసెన్సు లేకపోతే ఏం నష్టం?

మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చింది. దాన్ని 2019లో మార్చారు. దాని ప్రకారం లైసెన్సు లేకుండా బండి నడిపితే 5,000 రూపాయల జరిమానా పడవచ్చు. 3 నెలల దాకా జైలుశిక్ష కూడా పడవచ్చు. మీకే కాదు. బండి మీ భర్త పేరునో, అన్న పేరునో ఉంటే, బండి ఇచ్చినందుకు వాళ్లకూ శిక్ష ఉంటుంది.

అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. మీ బండి తగిలి ఎవరికైనా దెబ్బ తగిలిందనుకోండి. కోర్టు నష్టపరిహారం ఇమ్మంటుంది. మామూలుగా ఆ డబ్బు బీమా కంపెనీ కడుతుంది. కానీ నడిపిన మనిషికి లైసెన్సు లేదని తేలితే, ఆ డబ్బును కంపెనీ బండి యజమాని నుంచి రాబట్టుకోవచ్చు. అది లక్షల్లో ఉండవచ్చు. అప్పుడు పొలమో, ఇల్లో అమ్ముకోవాలి.

బండి మీ పేరున ఉంటే ఇంకో సంగతి. యజమాని ప్రమాదంలో చనిపోతే ఇంటివాళ్లకు 15 లక్షల రూపాయలు ఇచ్చే బీమా ఉంది. ఆ డబ్బు రావాలన్నా నడిపిన యజమానికి చెల్లే లైసెన్సు ఉండాలి.

లైసెన్సు ఎవరికి ఇస్తారు?

18 ఏళ్లు నిండినవారికి ఇస్తారు. "నేను బడికి పోలేదు, నాకు ఇవ్వరేమో" అని భయపడకండి. సొంత బండి లైసెన్సుకు చదువు సర్టిఫికెట్ అక్కర్లేదు. ఆటో, లారీ నడిపేవారికి 8వ తరగతి పాసవ్వాలని ఒక నియమం ఉండేది. 2019లో దాన్ని కూడా తీసేశారు.

చూపు మాత్రం బాగుండాలి. పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు చదవగలగాలి. కళ్లద్దాలు పెట్టుకుని చదివినా సరే.

మొదటి పరీక్ష

ముందు ఎల్.ఎల్.ఆర్. కోసం పరీక్ష ఉంటుంది. రోడ్డు నియమాల గురించి, గుర్తుల గురించి అడుగుతారు. ప్రశ్నలు తెలుగులోనే ఉంటాయి. సరైన జవాబు ఎంచుకోవాలి. నూటికి 60 మార్కులు వస్తే చాలు. మీరు నేర్చుకున్న చదువు ఇక్కడ అక్కరకొస్తుంది.

గుర్తుల ఆకారం చూసి అర్థం తెలుసుకోవచ్చు. గుండ్రంగా ఉంటే అది ఆజ్ఞ. తప్పక పాటించాలి. ముక్కోణంగా ఉంటే అది హెచ్చరిక. ముందు మలుపో, బడో, గేటో ఉందని అర్థం. నీలం రంగు చదరపు పలక అయితే అది సమాచారం. ఆసుపత్రి, పెట్రోలు బంకు వంటివి చెబుతుంది.

రెండో పరీక్ష

ఎల్.ఎల్.ఆర్. వచ్చాక కనీసం 30 రోజులు ఆగాలి. 6 నెలల గడువు తీరకముందే రెండో పరీక్షకు వెళ్లాలి. ఇంటర్నెట్‌లో తేదీ తీసుకోవాలి. మనకు చేతకాకపోతే ఇంటర్నెట్ కేంద్రంలో చేసిపెడతారు. ఆ రోజు బండి మీరే తీసుకెళ్లాలి. బండి కాగితాలు, బీమా, పొగ సర్టిఫికెట్ వెంట ఉండాలి. తలకు ఐ.ఎస్.ఐ. గుర్తున్న హెల్మెట్ ఉండాలి.

బ్రేక్ ఇన్‌స్పెక్టరు చూస్తుండగా బండి నడపాలి. 8 అంకె ఆకారంలో తిప్పమంటారు. మీరు పలక మీద దిద్దిన 8 అంకే అది! కాలు కింద పెట్టకుండా, గీత దాటకుండా, మెల్లగా తిప్పాలి.

ఏళ్ల తరబడి బండి నడిపినవారు కూడా ఇక్కడ తప్పుతుంటారు. బండి రాక కాదు. పాత అలవాట్ల వల్ల. మలుపులో కాలు కింద ఈడుస్తారు. అద్దం చూడరు. చెయ్యి చూపకుండా, లైటు వెయ్యకుండా తిరుగుతారు. ఒక్క వెనక బ్రేకే వేస్తారు. కొంగు, చున్నీ వేలాడుతుంటాయి. అవి చక్రంలో పడితే ప్రాణానికే ముప్పు. కాబట్టి వారం ముందు నుంచే ఖాళీ కళ్లంలో ముగ్గుపిండితో పెద్ద 8 గీసి, రోజూ తిప్పి చూడండి.

ఒకసారి తప్పినా దిగులు పడకండి. 7 రోజుల తర్వాత మళ్లీ వెళ్లవచ్చు. మూడుసార్లు తప్పితే మాత్రం 60 రోజులు ఆగాలి.

ఇంకో మాట. గేర్లు లేని బండి మీద పరీక్ష ఇస్తే ఆ బండికే లైసెన్సు వస్తుంది. గేర్ల బండి నడపాలంటే గేర్ల బండి మీదే పరీక్ష ఇవ్వాలి.

ఖర్చు ఎంత?

కేంద్ర నియమాల ప్రకారం ఒక రకం బండికి ఎల్.ఎల్.ఆర్. రుసుము 150 రూపాయలు, దాని పరీక్షకు 50 రూపాయలు. బండి నడిపే పరీక్షకు 300, లైసెన్సుకు 200. కార్డుకు, సేవకు మరికొంత తీసుకుంటారు. మధ్యవర్తి వేలల్లో అడిగితే ఇవ్వకండి. రసీదు తీసుకోండి. దాని మీద ఎంత రాసి ఉందో మీరే చదవండి.

30 ఏళ్లలోపు తీసుకున్న లైసెన్సు 40 ఏళ్లు వచ్చేదాకా చెల్లుతుంది. 30 నుంచి 50 ఏళ్లలోపువారికి 10 ఏళ్లు చెల్లుతుంది.

అక్కల్లారా, చెల్లెళ్లారా! బండి మీకు వచ్చు. చదవడం వచ్చింది. ఇక మిగిలింది రెండు పరీక్షలే. సంఘంలో లైసెన్సు లేనివాళ్లంతా కలిసి ఒకేరోజు బయలుదేరండి.

చదివారు కదా, చెప్పండి:
1. ఎల్.ఎల్.ఆర్. ఎన్ని నెలలు చెల్లుతుంది?
2. ముక్కోణం గుర్తు ఏం చెబుతుంది?
3. మీ ఇంట్లో బండి ఎవరి పేరున ఉంది? దాని బీమా గడువు ఏ తేదీ దాకా ఉంది? కాగితం తీసి చదవండి.