చివరి మడికి నీరు

హైదరాబాదు నుండి విజయవాడకు పోయే జాతీయ రహదారిపై తెలంగాణ సరిహద్దు దాటగానే జగ్గయ్యపేట వస్తుంది. ఇంకొంత దూరం సాగితే నందిగామ. పూర్వపు కృష్ణా జిల్లాకు పశ్చిమాన ఉండి, 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన ఈ ప్రాంతం మెట్టసీమ. దీనికి దక్షిణాన కృష్ణానది ప్రవహిస్తున్నది. కాని నది పల్లంలో ఉన్నది, పొలం మెరకన ఉన్నది. బెజవాడ వద్ద 1855లో పూర్తయిన ఆనకట్ట దిగువ డెల్టాను సస్యశ్యామలం చేసింది. ఎగువనున్న ఈ భూములకు మాత్రం దానివల్ల చుక్క నీరు రాలేదు. నది ఒక్కటే, జిల్లా ఒక్కటే అయినా కింద మాగాణి, మీద వర్షాధారపు చేను.

దేశం ప్రగతి సాధించిందని చెప్పడానికి ఆర్థికవేత్తలు సాధారణంగా జాతీయాదాయాన్నీ తలసరి ఆదాయాన్నీ చూపుతారు. అవి అవసరమే. అయితే డెల్టా రైతు రాబడిని, మెట్ట రైతు రాబడిని కలిపి రెండుతో భాగిస్తే వచ్చే అంకె ఆ ఇద్దరిలో ఎవరి ఇంటి సంగతినీ చెప్పదు. 1951లో పంచవర్ష ప్రణాళికలను ప్రారంభించిన స్వతంత్ర భారతం ఈ తారతమ్యాన్ని తగ్గించడానికి పూనుకున్నది. ఆ ప్రయత్నంలో ఈ సీమకు చెందిన ఒక వ్యక్తి పాత్ర మరువరానిది.

ఆయన ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాల కృష్ణ మహేశ్వరప్రసాద్. కృష్ణా జలాలను పెన్నకు మళ్ళించి దక్షిణాదికి తీసుకొనిపోవాలని నాటి మద్రాసు ప్రభుత్వం తలపెట్టగా, నందికొండ వద్దనే ఆనకట్ట కట్టాలని ఆయన పట్టుబట్టారు. స్థలాలను పరిశీలించడానికి 1952లో ఖోస్లా సంఘం ఏర్పడింది. నందికొండకు వాహనాలు పోయే దారి లేదని అభ్యంతరం రాగా, ఆయన గ్రామస్థుల సాయంతో దారి వేయించారని ఈ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. సంఘం నందికొండకే మొగ్గు చూపింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగరానికి శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచారు. లాల్ బహదూర్ పేరు పెట్టుకున్న ఎడమ కాలువ నల్లగొండ, ఖమ్మం ప్రాంతాలను తడిపి, ఆ తరువాత మెట్టసీమకు చేరింది. జొన్నచేలలో కొన్ని వరిమళ్ళయ్యాయి. తక్కినచోట్ల పత్తి, మిరప విస్తరించాయి.

చిక్కు అంతా ఆ ‘తరువాత’ అన్న మాటలోనే ఉన్నది. కాలువ పొడవునా కొంత నీరు నేలలోకి ఇంకుతుంది. తూముల దగ్గర ఎగువవారు ముందుగా తీసుకుంటారు. పూడికా గుర్రపుడెక్కా ప్రవాహాన్ని మందగింపజేస్తాయి. చివరి ఆయకట్టుకు నీరు ఆలస్యంగానో, అరకొరగానో అందుతుంది. 2014లో రాష్ట్రం విడిపోవడంతో కాలువ ఎగువభాగం ఒక రాష్ట్రంలో, చివరిభాగం మరొక రాష్ట్రంలో ఉండిపోయాయి. నీటి నిర్వహణను రైతులకే అప్పగిస్తూ 1997లో చట్టం వచ్చింది, నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. ప్రపంచబ్యాంకు రుణంతో కాలువల ఆధునికీకరణా జరిగింది. అయినా కొత్త కట్టడానికి వేసే శిలాఫలకం మీద ఉన్నంత మక్కువ, పాత కాలువలో పూడిక తీయడంపై మనకు లేదు. కృష్ణపై 2013లో ప్రారంభమైన పులిచింతల జలాశయపు గేటు ఒకటి 2021 ఆగస్టు 5న వరదలో కొట్టుకుపోయింది. దాని స్థానంలో అడ్డుపలకలు దించడానికి, నిలువ చేసిన నీటిని సముద్రం పాలు చేయవలసి వచ్చింది.

ఈ నేలకు నీటి కరవు ఉన్నా రాతికి కరవు లేదు. జగ్గయ్యపేట శివారులోని ధనబోడు గుట్టపై 1882లో జేమ్స్ బర్జెస్ బౌద్ధస్తూపాన్ని వెలికితీశాడు. అక్కడ లభించిన సున్నపురాతి పలకలలో ఒకదానిపై మాంధాత చక్రవర్తి కోసం మేఘాలు నాణేలను వర్షిస్తున్న దృశ్యం ఉన్నది. నేడు ఈ ప్రాంతపు సున్నపురాయి సిమెంటుగా మారుతున్నది. సిమెంటు ధరలపై, పంపిణీపై నియంత్రణ 1982లో కొంత, 1989లో పూర్తిగా తొలగిపోవడం పరిశ్రమకు ఊపునిచ్చింది. జయంతిపురంలోనూ ముక్త్యాలలోనూ కర్మాగారాలు నెలకొన్నాయి. టన్ను సిమెంటుకు సుమారు టన్నున్నర సున్నపురాయి కావాలి. దానిని దాదాపు 1450 డిగ్రీల వేడిలో కాల్చాలి. దేశమంతటా లేచే ఇళ్ళకూ వంతెనలకూ ఈ పొడి ఆధారం. ఇందులోని లాభాన్ని కాదనలేము. అయితే పంట మళ్ళీ పండుతుంది గాని, తవ్విన రాయి మళ్ళీ పుట్టదు. అది ఉన్నన్నాళ్ళు వచ్చే రాబడిలో కొంత, అది లేనినాటి బతుకుకు పెట్టుబడి కావాలి.

ఆ పెట్టుబడి దేనిపై పెట్టాలన్నది అసలు ప్రశ్న. ఆధునిక కర్మాగారంలో యంత్రాలు ఎక్కువ, మనుషులు తక్కువ. యంత్రాన్ని నడపగలవాడికే అక్కడ చోటు. గనికి పక్కనే ఉన్న పల్లెలోని యువకుడు చదువు చాలక గేటు వద్ద దినకూలీగా నిలబడితే, ఊరిలో పరిశ్రమ ఉండి అతనికి దక్కింది స్వల్పం. అందుకే ఐక్యరాజ్యసమితి 1990 నుండి ఆదాయంతోపాటు విద్యనూ ఆయుర్దాయాన్నీ లెక్కలోకి తీసుకొని మానవాభివృద్ధి సూచికను ప్రకటిస్తున్నది. భారీ నిర్మాణాలు వద్దనడం దీని ఉద్దేశం కాదు. సాగరమే లేకపోతే మెట్టసీమ నేటికీ ఆకాశం వైపే చూస్తూ ఉండేది. కాని రాబోయే కాలంలో మొదటి రూపాయి పాత కాలువ మరమ్మతుకు, పల్లె బడికి, పనినేర్పే పాఠశాలకు పోవాలనిపిస్తుంది.

సాగర్ ఎడమ కాలువకు నీరు వదిలారన్న వార్త పత్రికలో వచ్చిన ఉదయం ఇక్కడి చివరి ఆయకట్టు రైతు తన పంటబోదె దాకా వెళ్ళి చూసి వస్తాడు. మరునాడూ వెళ్ళి చూస్తాడు. నారుమడి పోయాలా, పత్తి విత్తాలా అన్న నిర్ణయం ఆ బోదెలో నీరు కనబడినదాకా ఆగుతుంది.