పోర్టికోలో పట్టే వర్క్‌బెంచ్

గ్యారేజ్ వర్క్‌షాప్ అని సెర్చ్ కొడితే వచ్చేవన్నీ అమెరికా వీడియోలే. రెండు కార్లు పట్టే గది, మధ్యలో మంచమంత బెంచీ. మన నంద్యాలలో గ్యారేజ్ అంటే ఏముందబ్బా? పోర్టికో, లేదంటే మెట్ల కింద జాగా. అందులోనే బండి పెట్టాలి, వాటర్ క్యాన్లు పెట్టాలి, సాయంత్రం అవ్వ కుర్చీ వేసుకోవాలి. కాబట్టి పనయ్యాక పక్కకి జరిగిపోయే బెంచీ కావాలి.

అసలు బెంచీ ఎందుకు, కింద కూర్చొని చేసుకోలేమా? మన వడ్రంగులు నేల మీద కూర్చొని, కాలితో చెక్కను అదిమిపట్టే పని చేశారు కదా. ఉలి, చిత్రికతో అది నడిచింది. ఇప్పుడు మన చేతిలో ఉన్నది నిమిషానికి పదకొండు వేల చుట్లు తిరిగే గ్రైండర్. చెక్కను తొక్కిపెట్టి కోస్తుంటే బ్లేడు ఇరుక్కుని ఒక్కసారి తన్నిందా, పోయేది పాదమే.

ఆళ్లగడ్డలో శిల్పుల షెడ్ల దగ్గర కాసేపు నిలబడి చూడండి. పెద్ద విగ్రహానికి వైస్ అక్కర్లేదు, రాయి బరువే దాన్ని కదలనివ్వదు. మన చెక్కముక్క రెండు కిలోలు ఉంటే ఎక్కువ. ఆ రాయి బరువు చేసే పనే మనకి బెంచీ చేసిపెట్టాలి.

రాన్ హిక్‌మన్ అని లోటస్ ఎలాన్ కారు డిజైన్ చేసినాయన, 1961లో ఇంట్లో అలమార చేస్తూ ఖరీదైన కుర్చీ మీద చెక్క పెట్టి కోశాడు. కుర్చీ కూడా తెగింది! అక్కడి నుంచే మడిచే బెంచీ ఆలోచన. బ్లాక్ అండ్ డెకర్ మొదట వద్దంది, తర్వాత 1970ల నుంచి వర్క్‌మేట్ పేరుతో అదే కోట్లలో అమ్మింది. మంచిదే కానీ తేలిక, సుత్తి దెబ్బకి జరుగుతుంది. నాకు బరువున్నదే ఇష్టం.

ఒక 8×4 అడుగుల, 18 ఎంఎం ప్లైవుడ్ షీట్ తీసుకోండి. పోర్టికోలోకి వాన జల్లు కొడుతుంది కాబట్టి ఐఎస్ 710 ముద్ర ఉన్నదైతే మేలు. షాపులోనే నాలుగు 4×2 ముక్కలు కోయించండి. రెండింటిని ఫెవికాల్‌తో అతికిస్తే 36 ఎంఎం పైపలక. క్లాంపులు లేవా? నిండు వాటర్ క్యాన్లు నాలుగు పైన పెట్టి ఒక రోజు వదిలేయండి, ఎనభై కిలోలు. మూడో ముక్క కింది అర. నాలుగోదాంట్లో అడుగున్నర కోసి పక్కన బందులతో బిగిస్తే, సోల్డరింగ్‌కీ ల్యాప్‌టాప్‌కీ మడిచే పలక.

కాళ్లు 40×40 ఎంఎం ఇనప పైపు, వెల్డింగ్ షాపులో చేయించండి. వెనక ఏటవాలుగా ఒక పట్టీ వేయమనండి. చతురస్రం పక్కకి ఊగుతుంది, త్రికోణం ఊగదు.

ఇక్కడే ఎవరూ చెప్పని సంగతి. నీళ్లు పోవాలని మన పోర్టికోలన్నీ గేటువైపు వాటంగా కడతారు. మామూలు బెంచీ పెడితే స్క్రూలు దొర్లిపోతాయి. అందుకే ప్రతి కాలి అడుగున నట్టు వెల్డ్ చేయించి, 12 ఎంఎం బోల్టు పెట్టండి. తిప్పి లెవెల్ చేసుకోవచ్చు.

చక్రాలు రెండే చాలు, ఇంటివైపు కాళ్లకి బయటివైపున, నేలకి అర సెంటీమీటరు పైన. అవతలి చివర పట్టుకొని లేపితేనే అవి నేలకి ఆనుతాయి. గేటువైపు పెట్టొద్దు, అక్కడ బోల్టులు కిందికి దిగితే చక్రానికీ నేలకీ ఎడం పెరిగిపోతుంది. నాలుగు కాళ్లకీ లాక్ చక్రాలు కొనకండి, లాక్ వేసినా ఊగుతాయి.

నాలుగంగుళాల వైస్‌ని సరిగ్గా ఒక కాలి మీదికి వచ్చేలా బోల్టులతో బిగించండి. దెబ్బ నేరుగా నేలలోకి దిగాలి. ప్లైవుడ్ మధ్యలో పెడితే సగం దెబ్బ పలకే తినేస్తుంది.

ఎత్తు? చెప్పులేసుకొని నిటారుగా నిలబడి చేతులు వదిలేయండి, మణికట్టు ఎంత ఎత్తులో ఉంటే అంత. మా ఇంట్లో నా కొలత పెట్టలేదు. మోకాళ్ల నొప్పులకి కింద కూర్చోలేక మా నాన్న ఫ్యాన్లు, మోటార్లు విప్పడమే మానేశాడు. ఆయన కొలత 33 అంగుళాలు వచ్చింది, అదే పెట్టాను. ఇప్పుడు పక్కింటి మిక్సీ కూడా మా బెంచీ మీదే ఉంటోంది!

కరెంటు పాయింట్‌కి 30 మిల్లీయాంప్‌ల ఆర్‌సీసీబీ ఉందో లేదో చూసుకోండి, వాన జల్లులో గ్రైండర్ వద్దు. టైల్, గ్రానైట్ కోస్తే నీళ్లు పోస్తూ కోసే కట్టర్ వాడండి, ఎన్95 మాస్క్ తప్పనిసరి. ఆ దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల్లో చేరితే వదలదు. వచ్చే ఎపిసోడ్‌లో కింది అరకి సొరుగులు చేద్దాం.