కాపరుల జాబితాలో కనబడని కాపరులు

మన సంఘాలు వార్షికోత్సవ సంచికలు వేసినప్పుడు మొదటి పేజీల్లో వరుసగా కాపరుల ఫోటోలు, వాటి కింద ఏ సంవత్సరం నుండి ఏ సంవత్సరం వరకు సేవ చేశారో అచ్చు వేస్తాం. అది మంచి అలవాటే. అయితే ఒక సంఘం ఎలా నిలబడిందో ఆ జాబితా ఒక్కటే చెప్పలేదు. ఒంగోలు బాప్టిస్టు సంఘ చరిత్ర చూస్తే ఈ సంగతి బాగా తెలుస్తుంది.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో తెలుగు నేలకు వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఏళ్లు గడిచినా ఫలం కనబడలేదు. ఈ మిషను మూసివేద్దామా అన్న చర్చ అమెరికాలో ఒకటికి రెండుసార్లు జరిగింది. ఆ రోజుల్లోనే, 1854 జనవరి 1న తెల్లవారకముందే, లైమన్ జ్యూయెట్ దంపతులు ఒంగోలు పక్కనున్న కొండ ఎక్కి ఆ ప్రాంతానికి సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. వారితో ఉన్నవారు ముగ్గురు తెలుగు విశ్వాసులు: నర్సు, జూలియా, రూతు. నేటికీ దానిని ప్రార్థన కొండ అంటున్నాం. ఆ ముగ్గురి పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

ఆ ప్రార్థన తరువాత పన్నెండేళ్లకు, 1866లో, జాన్ క్లౌ దొర ఒంగోలు వచ్చారు. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో సంఘం ఏర్పడింది. అదే నెలలో ఒక పల్లెలో ఇరవై ఎనిమిది మంది బాప్తిస్మం పొందారు. వారిని సిద్ధం చేసింది క్లౌ కాదు. తోళ్ల వ్యాపారం మీద ఊరూరూ తిరిగే యర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ. పేరయ్య మాదిగ కులస్థుడు. దొరగారు రాకముందే ఆయన తన బంధువుల మధ్య క్రీస్తును గూర్చి చెప్పడం మొదలుపెట్టాడు. ఆ సంఘానికి తొలి కాపరి ఎవరని అడిగితే, జాబితా ఒక పేరు చెబుతుంది. పల్లెలు ఇంకో పేరు చెబుతాయి.

అప్పుడే ఒక పరీక్ష ఎదురైంది. ఒంగోలులో క్లౌ దంపతులు నడిపే చిన్న బడికి పై కులాలవారి పిల్లలు వస్తున్నారు. మాదిగలను చేర్చుకుంటే మేము రాము అని వారి పెద్దలు తేల్చి చెప్పారు. పట్టణంలో పలుకుబడి కావాలా, పల్లెలోని పేదలు కావాలా? ఆ దంపతులు ఒకరికొకరు తెలియకుండా వేరువేరుగా బైబిలు తెరిచారు. ఇద్దరికీ మొదటి కొరింథీ పత్రిక మొదటి అధ్యాయం చివరి భాగమే కనబడింది. లోకం తృణీకరించిన వారిని దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే భాగం అది. వారు పేదల వైపు నిలబడ్డారు.

ఆ నిర్ణయానికి వెల కట్టింది ప్రధానంగా పల్లెవాసులు. చచ్చిన పశువుల మాంసం తినకూడదని, ఆదివారం పని చేయకూడదని, విగ్రహాలను పూజించకూడదని సంఘం నియమం పెట్టింది. జాతరలో డప్పు కొట్టనన్న మాదిగకు ఊరి పెద్దలు పని ఇవ్వలేదు, నీళ్లు ఇవ్వలేదు. సేవ అనే మాటను మనం తేలికగా వాడుతున్నాం గాని, వారికి అది కూడు మీద దెబ్బ.

తరువాత 1876–78 నాటి గొప్ప కరవు వచ్చింది. మిషనరీ కాకముందు సర్వేయరుగా పనిచేసిన క్లౌ, బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నారు. మన బోధకులే మేస్త్రీలుగా నిలబడి కూలీల చేత పని చేయించారు, సాయంకాలం వారి మధ్య కూర్చుని వాక్యం చెప్పారు. బిచ్చం కాదు, చేసిన పనికి కూలి దొరికింది. అయినా ఆ కాలంలో బాప్తిస్మం అడిగినవారికి క్లౌ ఇవ్వలేదు. తిండి కోసం చేరారన్న మాట రాకూడదనీ, తిండి కోసం ఎవరూ చేరకూడదనీ ఆయన ఉద్దేశం.

1878లో ఇక సహాయం లేదని చెప్పి పంపినా జనం వెళ్లలేదు. మాకు డబ్బు అక్కరలేదు, బాప్తిస్మం ఇవ్వండి అన్నారు. జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. మూడు రోజుల్లో మొత్తం 3,536 మంది. ఆ రోజు నీళ్లలో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా.

ఈ చరిత్రలో మనకు రెండు ప్రశ్నలున్నాయి. మొదటిది, మన సహాయానికీ మన సభ్యత్వానికీ మధ్య క్లౌ గీసిన గీత మనం గీస్తున్నామా? వరద వచ్చినప్పుడు పంచే బియ్యం సంచి మీద సంఘం పేరు ఎంత పెద్దదిగా ఉండాలో ఆలోచించే ముందు ఈ మాట అడగాలి. రెండవది, 1867లో పై కులాలవారు అడిగిన షరతు మన మధ్య నిజంగా చచ్చిపోయిందా? పెళ్లి సంబంధాల్లో, కమిటీ ఎన్నికల్లో, సమాధుల తోటల్లో అది ఇంకా బ్రతికే ఉంటే, పేరయ్య పేరు చెప్పుకొని అతిశయించే హక్కు మనకు లేదు.

ఈసారి మీ సంఘ సంచిక వేసేటప్పుడు కాపరుల ఫోటోల తరువాత ఒక పేజీ ఖాళీగా ఉంచండి. మీ సంఘంలోని వృద్ధులను కలవండి. జీతం లేకుండా వాక్యం చెప్పినవారు, గుడిసెలో ఆదివారపు బడి నడిపినవారు, కరవులో గంజి కాచినవారు ఎవరో అడిగి రాసుకోండి. ఆ వృద్ధులు ప్రభువు నొద్దకు వెళ్లిపోతే ఆ పేర్లు కూడా వెళ్లిపోతాయి.