డిచ్‌పల్లిలో డాక్టరు, చిత్తూరులో కథలు

నిజామాబాద్ ఇంకాసేపట్లో వస్తుందనగా హైదరాబాద్ - నాగపూర్ రహదారి మీద తగిలే ఊరు డిచ్‌పల్లి. గుట్ట మీది పాత రామాలయం, తెలంగాణ యూనివర్సిటీ ఇప్పుడు దాని గుర్తులు. పాతతరానికి మాత్రం డిచ్‌పల్లి అంటే కుష్ఠు ఆసుపత్రే. నవలలు చదివేవాళ్లకు ఈ ఊరితో చుట్టరికం కూడా అక్కడే కలుస్తుంది. నవలాకారుడు డాక్టర్ కేశవరెడ్డి పనిచేసింది ఆ ఆసుపత్రిలోనే.

ఆయనది చిత్తూరు జిల్లా తలపులపల్లి. 1946లో పుట్టారు. పుదుచ్చేరిలో వైద్యం చదివి, ఎక్కడో ఉత్తర తెలంగాణలో కుదురుకున్నారు. 2015లో నిజామాబాద్‌లోనే కన్నుమూశారు. ఉద్యోగం, కాపురం ఇక్కడ. ఆయనకు పేరు తెచ్చిన నవలల్లోని మనుషులు, గుట్టలు, కరువులు, మాటలు అన్నీ చిత్తూరువి. ‘రాముడుండాడు రాజ్జిముండాది’ అనే పేరు వింటేనే ఏ సీమ మాటో తెలిసిపోతుంది.

ఆసుపత్రి చరిత్ర ఆయనకంటే చాలా పాతది. స్కాట్లాండ్ నుంచి వచ్చిన మిషనరీ డాక్టరు ఇసబెల్ కెర్ నిజామాబాద్ ప్రాంతంలో కుష్ఠు రోగులకు చికిత్స చేసే దిక్కే లేకపోవడం చూసి, భర్త జార్జ్ కెర్‌తో కలిసి పూనుకున్నారు. రాజా నర్సాగౌడ్ పెద్ద విరాళం ఇచ్చారు. 1915లో విక్టోరియా ఆసుపత్రి లేచింది. ఆ రోజుల్లో వైద్యమంటే చాల్మోగ్రా జాతి గింజల నూనెను సూదితో ఎక్కించడం. డాప్సోన్ మందు 1940లలో గానీ వాడకంలోకి రాలేదు. రెండు మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లలో సిఫారసు చేశాక జబ్బు నయం కావడం మామూలైపోయింది. మామూలు కానిదల్లా నయమైన మనిషిని ఇంట్లోకి రానివ్వడం. చెయ్యి వంకరపోయిన తల్లిని కొడుకు తీసుకెళ్తాడా, మచ్చలున్న భార్యకు భర్త కబురు పంపుతాడా అన్న ప్రశ్నలకు ఏ మందుల చీటీలోనూ జవాబు ఉండదు.

ఈ ఆసుపత్రి వల్లే ఆ నవలలు పుట్టాయని నేను అనను. కానీ అలాంటి మనుషుల మధ్య పనిచేసిన కేశవరెడ్డి కథల్లోనూ ప్రశ్న బతుకు నిలబడటం గురించే. ఆయన మనుషులు న్యాయం కోసమో విప్లవం కోసమో కాదు, బతుకును నిలబెట్టే ఒక్క ప్రాణి కోసం, ఒక్క చెక్క నేల కోసం ప్రాణాలకు తెగిస్తారు. ‘అతడు అడవిని జయించాడు’లో ఒక ముసలాయన ఈనడానికి సిద్ధంగా ఉన్న తన పందిని వెతుక్కుంటూ అడవిలోకి పోతాడు. ఒక్క రాత్రి కథ. చుట్టూ నక్కలు. పందిని కాయడం ఇంత గొప్ప యుద్ధం కాగలదని తెలుగు నవలకు అంతకుముందు తెలియదు. హెమింగ్వే ముసలి జాలరితో పోల్చడం విమర్శకులకు అలవాటైంది గానీ, ఈ ముసలాయనకు పంది అంటే ఆస్తి, కుటుంబం, రేపటి తిండి. పోటీ కాదు. ‘మూగవాని పిల్లనగ్రోవి’లో బక్కిరెడ్డి అప్పుల్లో భూమి పోగొట్టుకుని, ఆ భూమిని మాత్రం వదల్లేకపోతాడు.

‘మునెమ్మ’ సంగతి వేరు. గిత్తను అమ్మడానికి పోయిన మొగుడు తిరిగి రాడు. తనను కొట్టిన ఆ మొగుడి కోసమే ఆమె వెతుక్కుంటూ బయల్దేరుతుంది. ఇది ప్రేమా, లొంగుబాటా అని స్త్రీవాదులు గట్టిగానే నిలదీశారు. గిత్తకూ ఆమెకూ మధ్య రచయిత అల్లిన బంధం మీదా దుమారం రేగింది. నాకు ఆ అభ్యంతరాల్లో కొంత నిజం కనిపిస్తుంది. పుస్తకం మాత్రం చేతిలోంచి దిగదు.

ఆయన్ను ఇంతవరకూ చదవనివాళ్లు ‘అతడు అడవిని జయించాడు’తో మొదలుపెట్టొచ్చు. చిన్న పుస్తకం. సికింద్రాబాద్‌లో రైలెక్కి తెరిస్తే నిజామాబాద్ చేరేలోగా అయిపోతుంది. ‘మునెమ్మ’ను తిరుగు ప్రయాణానికి అట్టిపెట్టుకోండి. పక్కన వాదించడానికి ఒక మనిషి ఉంటే ఇంకా మంచిది.