ఉపవాసం వేరు, పస్తు వేరు

తిండి తినకుండా ఉండటానికి తెలుగులో రెండు మాటలున్నాయి. ఒకటి ఉపవాసం, రెండోది పస్తు. కడుపుకు తెలిసేది మాత్రం రెండింట్లోనూ ఒకటే, ఆ పూట అన్నం లేదు. అయినా ఏకాదశి నాడు తినని మనిషినీ, ఇంట్లో గింజలు లేక తినని మనిషినీ ఒకే మాటతో పిలవడానికి మన భాష ఒప్పుకోలేదు.

"మంచి బతుకు అంటే ఏంటి?" అనే ప్రశ్న మీద తత్వవేత్తలు రెండు వేల ఏళ్ళకు పైగా వాదించుకుంటున్నారు. వాళ్ళు చెప్పిన సమాధానాలు కొన్ని చదివాక నాకు అర్థమైంది ఏంటంటే, వాటిలో చాలావాటికి ఈ రెండు మాటల దగ్గరే చిక్కొస్తుంది. ఆ చిక్కేంటో మన అనంతపురం సీమ సంగతులతోనే చెప్పాలని ఈ వ్యాసం. నేను ఫైనలియర్‌. ప్లేస్‌మెంట్ల సీజన్‌ నడుస్తోంది. క్యాంటీన్లో రోజూ వినపడేది కూడా ఇదే ప్రశ్న. కాకపోతే మనం దాన్ని "ప్యాకేజీ ఎంత?" అని అడుగుతాం.

మూడు పాత సమాధానాలు

మొదటి సమాధానం సుఖం. బాధ తక్కువ, సుఖం ఎక్కువ ఉంటే మంచి బతుకు. ఇంగ్లండు తత్వవేత్త బెంథామ్‌ సుఖదుఃఖాలను లెక్కగట్టి కూడికలు తీసివేతలు చేయొచ్చన్నాడు. అంతకు చాలా ముందే గ్రీకు దేశంలో ఎపిక్యూరస్‌ కూడా సుఖమే ముఖ్యమన్నాడు. కానీ ఆయన చెప్పిన సుఖం విందులూ వినోదాలూ కాదు. ఆకలి లేకపోవడం, భయం లేకపోవడం, పక్కన స్నేహితులుండటం. రొట్టె, నీళ్ళు చాలన్నాడు. మా ఊళ్ళో పుట్టుంటే సంగటి, ఊరిబిండి చాలనేవాడేమో.

దీనికి గట్టి అభ్యంతరం 1974లో రాబర్ట్‌ నోజిక్‌ చెప్పాడు. ఒక యంత్రం ఉందనుకుందాం. అందులోకి వెళ్తే మీరు కోరుకున్న అనుభవాలన్నీ నిజంలాగే కలుగుతాయి. కప్పు గెలిచినట్టు, పుస్తకం రాసినట్టు, ప్రేమ ఫలించినట్టు. జీవితాంతం అందులోనే ఉండిపోతారా? చాలామంది ఉండం అంటారు. అంటే మనకు సుఖమనే అనుభూతి ఒక్కటే సరిపోదు, నిజంగా ఏదైనా చేయాలని కూడా ఉంటుంది. రాత్రి రెండింటి దాకా రీల్స్‌ చూసి పొద్దున ఖాళీగా అనిపించినవాళ్ళకు నోజిక్‌ వాదన వేరే చెప్పక్కర్లేదు.

రెండో సమాధానం కోరిక తీరడం. ఎవరికి ఏది కావాలో అది దొరికితే వాళ్ళది మంచి బతుకు. బయటివాళ్ళు తీర్పు చెప్పే పని లేదు. ఆర్థికశాస్త్రంలో ఎక్కువ భాగం ఈ నమ్మకం మీదే నడుస్తుంది. వినడానికి చాలా మర్యాదగా ఉంటుంది.

మూడో సమాధానం జాబితా. ఆరోగ్యం, జ్ఞానం, స్నేహం, విలువైన పని, ఇలా కొన్ని మనకు నచ్చినా నచ్చకపోయినా మంచివే, అవి ఉన్న బతుకే మంచి బతుకు. అరిస్టాటిల్‌ ఈ దారికి దగ్గరివాడు. మంచి బతుకు ఒక పూట కలిగే సంతోషం కాదనీ, జీవితమంతా మనిషి తన శక్తుల్ని చక్కగా వాడుకుంటూ నడవడమనీ ఆయన అంటాడు. మన ధర్మార్థకామమోక్షాలు కూడా ఒక జాబితానే. గమనించండి, అందులో అర్థం ఉంది, కామం ఉంది. డబ్బు గురించి మాట్లాడటం తప్పని మన పెద్దలు అనుకోలేదు. జాబితాతో ఇబ్బంది ఒక్కటే. దాన్ని ఎవరు రాయాలి?

మా జేజి ఎన్నో మెట్టు మీద ఉంది?

2012 నుంచి ప్రపంచ సంతోష నివేదిక వస్తోంది. అందులో దేశాలకు ర్యాంకులు ఇవ్వడానికి వాడే ప్రశ్న చాలా సులువు. ఒక నిచ్చెన ఊహించుకోండి. అడుగున సున్నా, పైన పది. పదో మెట్టు మీకు సాధ్యమైన అన్నిటికంటే మంచి బతుకు. ఇప్పుడు మీరు ఎన్నో మెట్టు మీద ఉన్నారు?

సెలవులకు వెళ్ళినప్పుడు ఈ ప్రశ్న మా జేజిని అడిగాను. మాది కళ్యాణదుర్గం వైపు ఊరు. "ఎనిమిదో తొమ్మిదో ఏసుకో నాయనా. నాకేం తక్కువ? కొడుకు చూసుకుంటాండాడు, మనమడు ఇంజినీరు అయితాండాడు" అంది.

ఈ తొమ్మిది వెనక ఏముందో చెప్తాను. మా సీమకు నైరుతి రుతుపవనాలు వచ్చేసరికి పడమటి కనుమలు వాన చాలావరకు ఆపేసుకుంటాయి. ఈశాన్య రుతుపవనాలకేమో మేం తీరానికి దూరం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు పడితే అది మామూలు సంవత్సరం. అసలు కష్టం ఆ వాన ఎప్పుడు పడుతుందన్నది. శెనక్కాయ విత్తాక ఊడలు దిగేటప్పుడు పదును లేకపోతే చెట్టు పచ్చగా ఉన్నా కింద కాయ ఉండదు. ఒకప్పుడు ఉమ్మడి జిల్లాలో ఏడు లక్షల హెక్టార్లకు పైగా ఈ ఒక్క పంటే వేశారు. సీమ సేద్యాన్ని కథలుగా రాసిన సింగమనేని నారాయణ గారి సంపుటాల్లో ఒకదాని పేరు 'జూదం'. అంతకంటే సరైన మాట లేదు.

జేజి ఈ జూదాన్ని నలభై ఏళ్ళు ఆడింది. ఊరి బయటి బావి నుంచి రోజూ బిందెలు మోసింది. ఇప్పుడు మోకాళ్ళు వంగవు. బడి మెట్టు ఎక్కలేదు. "చదువుకోవాలని ఎప్పుడూ అనిపించలేదా జేజీ?" అని అడిగితే ఆమె నన్ను వింతగా చూసింది. "ఆ ఊసే లేనప్పుడు ఇంగ అనిపించేదేముంటాది?"

రెండో సమాధానం ఇక్కడ కూలిపోతుంది. కోరిక తీరితే మంచి బతుకు అన్నాం. కానీ దొరికే దాన్ని బట్టి కోరికే కుదించుకుపోతే? తీరని కోరిక లేదు కాబట్టి అన్నీ ఉన్నట్టేనా? ఏళ్ళ తరబడి లేమిలో ఉన్నవాళ్ళు బతకడం కోసం మనసును దానికి తగ్గట్టు దిద్దుకుంటారనీ, వాళ్ళ తృప్తిని కొలమానంగా తీసుకుంటే అన్యాయాన్ని లెక్కలోంచి తీసేసినట్టే అవుతుందనీ అమర్త్య సేన్‌ చాలాచోట్ల రాశారు.

జేజి సంతోషం అబద్ధమని నేననడం లేదు. ఆమె మనసు గురించి ఆమెకంటే నాకు ఎక్కువ తెలుసనడం పొగరవుతుంది. ఆ తొమ్మిది ఆమె సంపాదించుకున్నది. కాకపోతే ఆమె ఎంత బాగా ఓర్చుకుందో ఆ అంకె చెప్తుంది తప్ప, ఆమెకు ఏమేం అందాయో చెప్పదు.

సేన్‌ అడిగిన ప్రశ్న

1998లో ఆర్థికశాస్త్రంలో నోబెల్‌ అందుకున్న సేన్‌ ప్రశ్నను కొంచెం జరిపారు. నీకు ఎలా అనిపిస్తోంది అని గానీ, నీ దగ్గర ఏముంది అని గానీ కాకుండా, నువ్వు ఏం చేయగలవు, ఎలా ఉండగలవు అని అడగమన్నారు. నిజంగా చేతికందే దారులు ఎన్ని ఉన్నాయన్నది ఆ ప్రశ్న. ఆయన ఇచ్చే ఉదాహరణ సరిగ్గా మన రెండు మాటలే. ఉపవాసం ఉన్న ధనికుడికీ, పస్తున్న పేదకూ ఒంట్లోకి వెళ్ళిన తిండి సమానం. మొదటివాడు కావాలంటే తినగలడు, రెండోవాడు తినలేడు. మన భాషకు ఎప్పుడో తెలిసిన ఈ తేడాను ఆయన సిద్ధాంతంగా నిలబెట్టారు. 1990లో మొదలైన మానవాభివృద్ధి సూచిక ఆదాయంతో పాటు ఆయుర్దాయాన్నీ చదువునూ లెక్కలోకి తీసుకోవడానికి ఈ ఆలోచనే ఆధారం. దాన్ని ముందుండి నడిపింది పాకిస్తాన్‌ ఆర్థికవేత్త మహబూబ్‌ ఉల్‌ హక్‌.

ఈ కళ్ళతో చూస్తే మన జిల్లాలో కొన్ని మార్పులు కొత్తగా కనిపిస్తాయి. 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం వందల ఊళ్ళకు నీళ్ళు తెచ్చింది. కొళాయి వచ్చిన ఊళ్ళో నిచ్చెన ప్రశ్న అడిగితే ముసలమ్మల అంకె మారకపోవచ్చు. కానీ వాళ్ళ మనమరాలికి పొద్దున రెండు గంటలు చేతిలో మిగులుతాయి. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్‌ ఫెర్రర్‌ మొదలుపెట్టిన ఆర్‌డీటీ పేదలకు కట్టించిన ఇళ్ళను ఆడవాళ్ళ పేరు మీద ఇస్తూ వచ్చింది. గోడలు అవే, కప్పు అదే. పట్టా ఎవరి పేరున ఉందన్న దాన్ని బట్టి "ఇంట్లోంచి పో" అనే మాట ఎవరు ఎవరిని అనగలరో మారిపోతుంది.

వదులుకున్నవాళ్ళు

సేన్‌ ప్రశ్నకూ ఒక హద్దుంది. దారులు ఉండాలని చెప్తుంది గానీ ఏ దారిన పోవాలో చెప్పదు. నాలుగు ఆఫర్లున్నవాడు కూడా హాస్టల్‌ గదిలో తల పట్టుకుని కూర్చోవచ్చు. అక్కడి నుంచి మనకు సిద్ధాంతాల కంటే మనుషులు ఎక్కువ పనికొస్తారు.

మన జిల్లాలోనే బావాబావమరుదులు ఇద్దరున్నారు. ఇల్లూరులో 1913లో పుట్టిన నీలం సంజీవరెడ్డి గారు, తరిమెలలో 1917లో పుట్టిన తరిమెల నాగిరెడ్డి గారు. నాగిరెడ్డి గారి తోబుట్టువే సంజీవరెడ్డి గారి భార్య. ఇద్దరివీ భూములున్న కుటుంబాలే. సంజీవరెడ్డి గారు స్వాతంత్ర్యోద్యమం కోసం కాలేజీ చదువు వదిలేశారు. తర్వాత ఆంధ్రప్రదేశ్‌కు తొలి ముఖ్యమంత్రి అయ్యారు. 1969లో రాష్ట్రపతి ఎన్నికల్లో ఓడిపోయి అనంతపురం వచ్చి సేద్యం చూసుకున్నారు. 1977లో ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు. నాగిరెడ్డి గారు భూస్వామి ఇంట్లో పుట్టి కమ్యూనిస్టు అయ్యారు. 1952లో జైల్లో ఉండే పోటీ చేసి బావనే ఓడించి శాసనసభకు వెళ్ళారు. 1969లో ఆ సభ్యత్వాన్నీ వదిలేశారు. కోర్టులో ఇచ్చిన వాంగ్మూలం 'తాకట్టులో భారతదేశం' పుస్తకమైంది. 1976లో అజ్ఞాతంలో ఉండగానే చనిపోయారు.

ఎవరిది మంచి బతుకు? సుఖం లెక్కలో చూస్తే నాగిరెడ్డి గారిది ఓటమి. కోరిక లెక్కలో ఇద్దరూ తమకు కావాల్సిందే చేశారు. అరిస్టాటిల్‌ లెక్కలో ఇద్దరూ తమ శక్తిని పూర్తిగా వాడారు. రాజకీయాల్లో మీ అభిప్రాయం ఏదైనా కావచ్చు, ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఇద్దరి చేతుల్లోనూ వదులుకోవడానికి ఏదో ఉంది. ఆ కాలంలోనే పక్క పొలంలో కూలికి పోయిన మనిషికి వదులుకోవడానికి ఏమీ లేదు. అతని నిరాడంబరతను ఎవరూ పుస్తకం రాయలేదు.

వేమన కథ కూడా ఇంతే. కదిరి దగ్గర కటారుపల్లిలో ఆయన సమాధి ఉంది. 1829లో సి.పి. బ్రౌన్‌ అచ్చు వేయించాక ఆయన పద్యాలు ప్రపంచానికి తెలిశాయి. జీవితం గురించి మనకున్నవి ఎక్కువగా జనం చెప్పుకునే కథలే. ఆ కథల్లో వేమన అన్ని భోగాలూ చూసి, ఆ తర్వాత విడిచిపెడతాడు. చూడకుండా విడిచిపెట్టినట్టు జనం కథ అల్లలేదు. ఎందుకో ఆలోచించండి.

తృప్తి గురించి ఒక మాట

ఇప్పుడు మనకు దగ్గరి ఉదాహరణ. సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగం మానేసి ఐదెకరాలు కొని ప్రకృతి సేద్యం చేస్తున్నవాళ్ళ వీడియోలు మీరూ చూసే ఉంటారు. నేను వాళ్ళను ఎగతాళి చేయను, చాలామంది నిజాయితీగానే చేస్తున్నారు. మా నాయన చేసేదీ సేద్యమే. అదే ఎండ, అదే మట్టి. ఆయన్ను ఎవరూ ఇంటర్వ్యూ చేయరు. తేడా ఎక్కడుంది? రెండేళ్ళు వాన లేకపోతే వాళ్ళు మళ్ళీ ల్యాప్‌టాప్‌ తెరవగలరు. మా నాయన అప్పు తెచ్చి మళ్ళీ విత్తాలి. లేదంటే మా ఊరి సగం మందిలాగా బెంగళూరు బస్సెక్కాలి.

కాబట్టి నాకు తేలింది ఇది. తృప్తి చాలా గొప్ప గుణం, ఎవరికి వాళ్ళు చెప్పుకున్నంత వరకు. అదే మాట ఉన్నవాడు లేనివాడికి చెప్తే దాని అర్థం మారిపోతుంది. "ఉన్నదాంతో సర్దుకో" అని జేజి తనకు తాను చెప్పుకుంటే అది ధైర్యం. కొళాయి వేయాల్సినవాళ్ళు ఆమెకు చెప్తే అది తప్పించుకోవడం.

సేద్యం కూడా పస్తులా కాకుండా ఉపవాసంలా, అంటే ఇష్టపడి ఎంచుకునే పనిలా మారే వీలుంది. 1990 నుంచి చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్‌ బీడు భూముల మీద పనిచేస్తోంది. కొర్రలలాంటి వానకు తట్టుకునే పంటలు, ఆడవాళ్ళ పొదుపు సహకార సంఘాలు వాళ్ళ దారి. అన్నీ ఒకే పంట మీద పందెం కాయకుండా, అప్పు కోసం ఒకే గడప తొక్కకుండా ఉండగలిగితే, "ఈ ఏడాది శెనక్కాయ వేయను" అనే మాట రైతు నోటికి వస్తుంది.

మా నాయన మాత్రం నాతో "ఈ మన్ను నాతోనే అయిపోనీ. పండక్కి రా, సేద్యానికి రావద్దు" అంటాడు. నేను వచ్చిన ఆఫర్‌ తీసుకుంటున్నాను. దాన్ని త్యాగమనీ అనను, కలనీ అనను. మొదటి రెండేళ్ళ జీతంలో ఎక్కువ భాగం ఇంటి అప్పుకు పోతుంది. అప్పు తీరిన ఏడాది నాయన విత్తితే అది ఇష్టమై విత్తడం అవుతుంది. విత్తకపోయినా ఆయన ఇష్టమే. ఆ రోజు నిచ్చెన ప్రశ్న ఆయన్ను అడుగుతాను. అంకె ఎంతైనా రాసుకుంటాను.

మీ ప్లేస్‌మెంట్ల సంగతికొస్తే, ప్యాకేజీ ఎంత అని అడగడం తప్పేం కాదు, అర్థం కూడా పురుషార్థమే. దాని పక్కన ఇంకొకటి అడగండి. ఈ ఉద్యోగం చేరిన మూడేళ్ళకు నేను "వద్దు" అనగలిగే విషయాలు పెరుగుతాయా, తగ్గుతాయా? నా వల్ల ఇంట్లో ఇంకెవరికైనా "వద్దు" అనే వీలు వస్తుందా? నాకైతే జీతం అంకె కంటే ఈ రెండింటికి జవాబు రాయడానికే ఎక్కువ టైం పట్టింది.